ఒక్క చుక్క ఎర్రబడితే

“రంగు మార్చేదే గదా, అర్ధగంట పని,” అన్నాడు తిమోతి ఫోన్లో.

నేను దొడ్లో బోకులు తోముతాండాను. చేతినిండా సబ్బు, భుజానికీ చెవికీ నడుమ ఫోను. అర్ధగంట పని అనే మాట ఈ మొగోళ్ళకు ఏ బళ్ళో నేర్పిస్తారో నాకు తెలీదు. సంగటి కెలికేది అర్ధగంట పని. బట్టలు జాడించేది అర్ధగంట పని. కుళాయి వచ్చినప్పుడు బిందెలు పట్టేది, పాప తల దువ్వి బడికి తోలేది, అత్తకు చక్కెర మాత్రలు అందించి ఆమె చెప్పులు యాడుండాయో వెతికిచ్చేది, అన్నీ అర్ధగంట పనులే. ఆ అర్ధగంటలన్నీ కలిసి నా పొద్దును మొత్తం మింగేస్తాంటే, పొద్దంతా ఏం చేసినావని అడిగేది కూడా ఈ మొగోళ్ళే. పెండ్లయిన కొత్తలో నేనూ నమ్మినాను. పని చిన్నదేనేమో, నాకే చేతగాలేదేమో అని.

“చుక్క గభాల్న ఎర్రగైతాందంట. చూడనీకి బాగలేదన్నాడు కంపెనీ సారు. ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు మెల్లగ మారాలంట. రేపు పొద్దున్నే చేన్లో నడిపించి చూస్తారు. ఈ పొద్దే పంపిచ్చెయ్,” అని పెట్టేసినాడు. చేస్తావా అని అడగలేదు. ఎప్పుడూ అడగడు. కుళాయి తిప్పేటోడు నీళ్ళిస్తావా అని కుళాయిని అడగడు గదా.

తిమోతి మా ఆయన. నంద్యాల్లో సంజీవనగర్ గేటు దాటినాక ఒక మందులషాపు మిద్దె మీద ఆయనకు ఆఫీసుంది. ఫోన్లలో వేసుకునే యాపులు చేసిచ్చే ఆఫీసు. బోర్డుంది, బోర్డు మీద ఆయన పేరుంది, పేరు పక్కన బీటెక్ అని ఉంది. లోపల ఒక బల్ల, రెండు తిరిగే కుర్చీలు. పొద్దున్నే నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుని ఆళ్ళగడ్డలో బస్సెక్కి పోతాడు. ఆడ మాట్లాడతాడు, టీ తాగిస్తాడు, పని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న పని జరిగేది మాత్రం ఈడ, ఆళ్ళగడ్డలో, మా వంటింట్లో, బియ్యం డ్రమ్ము మీద పెట్టిన పాత లాప్‌టాప్‌లో. మా వీధి చివర శిల్పుల షెడ్లున్నాయి. పొద్దుగూకేదాకా ఉలి మోగుతాంటది. ఆ రాతిదుమ్ము కిటికీలోంచి వచ్చి నా కీబోర్డు మీద పడతాంటది. వాళ్ళు రాయి కొట్టుకుంటారు, నేను ఇది కొట్టుకుంటాను. వాళ్ళకు కూలి ఉంది.

నాకు ఎవరూ నేర్పలేదు. నేను చదివింది బీకాం. ఒకసారి తిమోతి ఏదో పని ఒప్పుకొచ్చి, చేతగాక తల పట్టుకుని కూర్చుంటే పక్కన నిలబడి చూసినాను. ఆ తర్వాత సంగటి ఉడికేటప్పుడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వీడియోలు చూసినాను, ఇంకో చెవిని అత్త పిలుపుకు వదిలిపెట్టి. తప్పులు రాసినాను, దిద్దుకున్నాను, మళ్ళీ రాసినాను. వచ్చింది. వచ్చినంక ఆయన రాయడం మానేసినాడు. నేను గూడ ఆఫీసుకొస్తాను, ఒక కుర్చీ నాకియ్యి అని అడిగినాను. ఇల్లెవరు చూస్తారన్నాడు. ఆడికి మొగోళ్ళు వస్తా పోతా ఉంటారన్నాడు. ఇంటికాడ కూర్చుని చేస్తే నీకే సుఖం గదా అన్నాడు. ఇదంతా ఎవరు రాస్తారని వచ్చినోళ్ళు అడిగితే, “నేనే సార్. రంగులూ గింగులూ మా ఇంట్లో ఆమె కొంచెం చూస్తాది,” అంటాడు. నేనుండగా, నేను వింటాండగా ఫోన్లో అన్నాడు ఆ మాట. పాపకు అన్నం కలుపుతా విన్నాను.

ఇప్పుడు పని సంగతి. విత్తనాల కంపెనీ ఒకటి సిరివెళ్ళ దావలో రైతుల చేన్లు పట్టి పత్తి విత్తనం చేయిస్తాంది. దాన్ని క్రాసింగు పని అంటారు. అంతా ఆడోళ్ళే చేస్తారు. సాయంత్రం ఆడచెట్ల మొగ్గలు గిల్లి, గిల్లిన మొగ్గకు ఎర్రకాయితం ముక్క గుర్తు పెట్టిపోతారు. తెల్లారి మగపువ్వులు తెచ్చి ఆ మొగ్గలకు పుప్పొడి రుద్దుతారు. నడుం వంచినోళ్ళు వంచినట్టే ఉండాల. మా ఆడోళ్ళకు ఎరుపంటే పని చేసిన గుర్తు. కంపెనీకి మాత్రం ఎరుపు ఎగ్గొట్టిన గుర్తయింది. ఎట్లంటే, ప్రతి ఆడమనిషి మెడలో, ఆమె యాడుందో ఫోనుకు తెలిపే బిళ్ళ ఒకటి వేస్తారు. మేస్త్రి ఫోన్లో చేను పటం, ఆ పటం మీద మనిషికొక చుక్క. సాల్లో కదులుతాంటే ఆకుపచ్చ. కదలకుంటే పసుపు. సాలు దాటి కంపెనీ చెప్పినంత సేపు బయటుంటే ఎరుపు. చుక్క రంగు అప్పటికప్పుడు మారాల. ఆ మార్చేది నేను రాసినాను.

దాంట్లో ఒక మెలిక ఉంది, అది చెప్పకుంటే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. చుక్క బొమ్మ ఒకసారే గీసి పెడతాం. తెర మీద ముప్పై చుక్కలు కావాలంటే ఫోను ముప్పై బొమ్మలు చేసుకోదు. పీనాసిది. ఉన్న ఒక్క బొమ్మనే ముప్పై చోట్ల చూపిస్తాది. కాబట్టి ఒక చుక్కకు రంగు మారిస్తే అన్నిటికీ మారిపోతుంది. అట్ల కాకుండా ఉండాలంటే, ప్రతి చుక్కకూ నువ్వు వేరు అని చెప్పే ఒక లైను రాయాల. ఒకటే లైను. అది తెలీక మొదట్లో నేను తల గోడకేసి కొట్టుకున్నంత పని చేసినాను. దొరికిన దినం వంటింట్లో ఒక్కదాన్నే ఎగిరినాను. కంపెనీ మెచ్చుకునింది. తిమోతిని.

మా అత్త దెబోరమ్మ. తిమోతి బీటెక్ ఆమె నడుములోంచి వచ్చింది, క్రాసింగు చేన్లలోంచి వచ్చింది. అది నేను కాదనను. కానీ ఆమె నోరు మంచిది గాదు. “మేం ఎండలో కాలినాం. నువ్వు ఫ్యాను కింద కూర్చుని ఆ పెట్టె గెలికేది పనంటావా?” అనేది. ఇంటికెవరొచ్చినా మా కోడలికి పనేముంది, ఇంటికాన్నే ఉంటాది అనేది. ఆదివారం చర్చిలో నిలబడి, నా కొడుకు తెలివిని బట్టి దేవునికి స్తోత్రం అనేది. ఆ తెలివి ఆడోళ్ళ చాప మీద కూర్చుని పాప ముక్కు తుడుస్తాండేది. కొడుక్కి ఆఫీసొచ్చినా ఆమె కూలికి పోయేది మానలేదు. నా దుడ్లు నాకుండాల, మాత్రకూ తమలపాకుకూ ఒకరి ముందు చెయ్యి చాపను అనేది. ఆ ఒక్క మాట నాకు నచ్చేది. బిళ్ళలు పొద్దుగూకితే మేస్త్రి వెనక్కి తీసుకుంటాడు, ఇంటికి రావు. ఆమె పోయేది ఏ కంపెనీ చేనికో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకే పొయ్యి కాడ తినే ఇద్దరం ఒకే చేనికి పని చేస్తాండాం, తెలీకుండా.

పోయిన వారం ఆమె పొద్దు నెత్తి మీదుండగానే ఇంటికొచ్చింది.

“ఏందత్తా, ఇంత బేగా వచ్చినావ్?”

“పొమ్మన్నారు, వచ్చినా.”

కాళ్ళు కడుక్కుంటా చెప్పింది. ఆమెకు చక్కెర జబ్బు. ఊకూకె ఉచ్చకు పోవాల. చేనికి ఆ చివర కంపచెట్ల దాకా నడిచిపోవాల, ఎవరూ రాకుండా చూసుకోవాల, మోకాళ్ళు పట్టుకుని లేవాల, మళ్ళీ నడిచి రావాల. మేస్త్రి అందర్నీ పిలిచి ఫోను చూపించినాడంట. అన్నీ ఆకుపచ్చ చుక్కలు, ఒకటే ఎర్రది. “ఇదో ఈ ఎర్రది నువ్వే పెద్దమ్మా. పొద్దుటి నుంచి మూడుసార్లు ఎర్రగైనావు. రేపటి నుంచి రావద్దులే,” అన్నాడంట. తన కొడుకు వయసు గూడ లేనోడు, అంతమందిలో. మెడలో బిళ్ళ వాడే తీసుకున్నాడంట. ఇదంతా చెప్పి మా అత్త కొంగుతో కాళ్ళు తుడుచుకుని, “ఆ చుక్కలు కనిపెట్టినోనికి ఉచ్చ రాదేమో లూదియా. ఏ తల్లి కన్నదో వాన్ని,” అనింది.

నా చేతిలో చెంబు ఉన్నింది. దాంతోనే వంటింట్లోకి పోయి బియ్యం డ్రమ్ము ముందు నిలబడినాను.

ఆ పూట తిమోతి వచ్చి, ఇంక చాలులేమ్మా, ఇంటిపట్టున ఉండు, నేను లేనా అన్నాడు. మంచి కొడుకు మాట. లోపలికొచ్చి మెల్లగ, అమ్మకు చెప్పొద్దు అన్నాడు. ఆ టైమన్నా పెంచమని చెప్పు అన్నాను. ఎంతసేపనేది కంపెనీ ఇష్టం, మనది రంగు మార్చేదే అన్నాడు. అప్పుడు అడిగినాను, పేర్లు ఎక్కించింది నువ్వే గదా, మీ అమ్మ పేరు కనపల్లేదా అని. కనపడిందంట. ఇట్లనన్నా కూలి మాని ఇంటికాడ ఉంటాదిలే అనుకున్నాడంట. అంత సులభంగా చెప్పినాడు, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తా. తల్లి పని చెయ్యాల్నా వద్దా అనేది కొడుకు తేల్చినాడు. పెండ్లాం యాడ పని చెయ్యాల్నో మొగుడు తేల్చినాడు. మా ఇద్దరికీ చెప్పే పని కూడా పెట్టుకోకుండా ఒక చుక్కతో తేల్చినాడు. ఆ చుక్క నాది.

నేను మా అత్తకు చెప్పేసినాను. దాచి దాచి కడుపుబ్బి గాదు. ఆమె తిట్టే ఆ తిట్టు ఎవరికో పోతాందనుకుంటాంది, నాకు తగలాల గదా. ఆమె గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తాంటే లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టినాను. ఇదో అత్తా, ఈ గుండ్రాలు, నువ్వు లేస్తే ఇట్ల, నువ్వు పోతే ఇట్ల అని రంగులు మార్చి చూపించినాను.

“తిమోతి గాదా?”

“నేనే అత్తా.”

నోరు తెరుస్తాదని చూసినాను. నా తల్లినీ తండ్రినీ ఎత్తుతాదని, చాట మొగాన కొడతాదని కాసుకొని కూర్చున్నాను. ఆమె ఇంకో రెండు కాయలు ఒలిచింది.

“ఎంతిచ్చినారు నీకు?”

“ఏమీ ఇయ్యలేదు.”

“ఇన్నేండ్లకూ?”

“ఇయ్యలేదత్తా.”

“నన్ను ఎర్రగ చేసినా కూలిచ్చి చేసినారు,” అనింది. “నీకు అదీ ల్యా.”

అంతే, లేచి పొట్టు పారబోయనీకి పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరన్నా ఓదారిస్తే ఏడుపొస్తాది. ఆమె ఓదార్చలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ తర్వాత ఆమె మంచిదైపోయిందని రాస్తే అబద్ధం. పప్పులో ఉప్పెక్కువని మర్నాడూ అనింది. కానీ నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగితే పిలవడం మానేసింది. తనే లేచి మంట తగ్గించేది.

ఇంత జరిగినాక గూడ, బోకులు తోముతాండగా ఫోనొస్తే, నేను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఎందుకు చేసినావని అడుగుతారు మీరు. నేనూ అడుక్కున్నాను. కోపం ఉన్నింది, నిజం. చేతులకు మాత్రం ఇంకా అలవాటే ఉన్నింది. చెప్తే చెయ్యడం. ఉతకమంటే ఉతికినట్టు, వండమంటే వండినట్టు, ఎర్రగ చెయ్యమంటే ఎర్రగ. మెల్లగ మారితే ఆడోళ్ళకు ఇంకొంచెం టైము దొరుకుతాదేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దొరకదు. ఎరుపు మెల్లగొచ్చినా ఎరుపే. పాత చుక్క పీకేసి కొత్తగా రాయాల్సి వచ్చింది. సగంలో కుళాయి వచ్చింది. బిందెలు పట్టి వచ్చేసరికి గ్యాసోడు పిలిచినాడు. మళ్ళీ కూర్చుంటే పాప బడి నుంచి జ్వరమొచ్చిందని ఫోను, పోయి ఎత్తుకొచ్చినాను. పాపను తొడ మీద పండుకోబెట్టుకుని ఒక చేత్తో మిగిలింది రాసినాను. సరిచూసుకోనీకి ఇంట్లో నా దగ్గర ఒకటే బిళ్ళ ఉంది. దాన్ని దొడ్లోకి విసిరేసి చూసినాను. తెర మీద చుక్క ఆకుపచ్చ నుంచి పసుపు, పసుపు నుంచి ఎరుపు, మామిడికాయ మాగినంత మెత్తగా మారింది. బాగుంది అనుకుని పంపించినాను.

మర్నాడు లింగమ్మ వచ్చింది. ఎదురింటామె, మా అత్తతో పాటు చేనికి పోయేది. ఆమె గూడ పొద్దుండగానే వచ్చింది. కానీ నవ్వుకుంటా వచ్చింది. వాకిట్లో చతికిలబడి, “దెబోరక్కా, ఈ పొద్దు నువ్వు లేకపోతివే,” అని మొదలుపెట్టింది.

పొద్దున్నే చందన అనే పిల్ల, పసిబిడ్డ తల్లి, గట్టు కాడ ఉయ్యాల్లో బిడ్డ ఏడుస్తాంటే పాలియ్యనీకి పోయిందంట. కొంచెం సేపటికి మేస్త్రి ఈ సాలు నుంచి ఆ సాలుకు ఉరుకులు. “యాడికి పోయినారు మే అందరూ?” అని అరుస్తాండాడంట, అందరూ వాని ఎదురుగానే నడుములు వంచి ఉంటే. ఏందప్పా నీకు కండ్లు పోయినాయా అంటే ఫోను చూపించినాడంట. చేనంతా ఎరుపు. ఒక్క ఆకుపచ్చ చుక్క లేదు. చందన బిడ్డను పండుకోబెట్టి సాల్లోకి వచ్చేసరికి చేనంతా ఒక్కసారి ఆకుపచ్చ. ఇంకొకామె నీళ్ళకు పోతే మళ్ళీ చేనంతా ఎరుపు. కంపెనీ సారు హరీష్ అంట, నంద్యాల్లో తన తెర మీద చూసి కారేసుకుని వచ్చినాడంట. ఎవరు ఎగ్గొడతాండారో చెప్పు అని మేస్త్రిని అడిగితే వాడు ఫోను ఆర్పి మళ్ళీ వెలిగించినాడంట.

“నేనే అడిగితి ఆ సారును,” అనింది లింగమ్మ. “అందరం ఎర్రగుంటే ఎవర్ని పొమ్మంటావ్ నాయనా, చేను నువ్వు గిల్లుతావా అని. అప్పుడు పోయినాం చూడక్కా కంపచెట్ల కాడికి, ఒకరెనక ఒకరు, నిదానంగా. ఒక్క దినమన్నా మనిషి మాదిరి ఉచ్చ పోసుకున్నాం.”

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగి ఊగి నవ్వింది. ఆమె నవ్వుతాండగానే నాకు అర్థమైపోయింది. ఆ లైను. నువ్వు వేరు అని చెప్పే ఆ ఒక్క లైను. కొత్తగా రాసేటప్పుడు నీళ్ళ బిందెకూ పాప జ్వరానికీ నడుమ యాడనో జారిపోయింది. ఇంట్లో ఒక్క బిళ్ళతో చూసుకున్నాను కాబట్టి కనపల్లేదు. ఆ తప్పు ఒక్కదాన్నే పెట్టుకుని చూస్తే కనపడేది గాదు. పక్కన ఇంకొకటి ఉంటేనే కనపడతాది.

తిమోతి ఎవరి బండో అడుక్కుని నంద్యాల నుంచి వచ్చినాడు. చొక్కా చంకల్లో తడిసిపోయింది. లింగమ్మ లేచి పోయింది. ఆయన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, ఏం చేసినావో ఏమో, పరువు పోయింది, ఈ పొద్దు సరి కాకుంటే కంపెనీ మనల్ని వదిలేస్తాది, ఆఫీసు మూసుకోవాల్సిందే అన్నాడు. యాడ తప్పుందో ఆయనకు తెలీదు. వెతికినాడంట, దొరకలేదంట. నాకు తెలుసని నా మొగం చూసి కనిపెట్టినాడు. గొంతు మార్చినాడు.

“లూదియా, ఇది సరిచెయ్. వచ్చే నెల నుంచి నువ్వు గూడ ఆఫీసుకు రా. రెండో కుర్చీ నీదే. ప్రమాణంగా చెప్తాండా.”

మీకు చెప్పినాను గదా, నేనా కుర్చీ కోసం ఎంత అడిగినానో. పొద్దున్నే నేనూ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆళ్ళగడ్డ బస్టాండులో నిలబడి, కిటికీ పక్క సీటు పట్టుకుని, నల్లమల కొండలు చూసుకుంటా పోవడం. ఎవరన్నా వచ్చి ఇది ఎవరు రాసినారని అడిగితే నేను తల ఎత్తడం. వంటింట్లో నిలబడి నేను ఈ బొమ్మ ఎన్నిసార్లు చూసుకున్నానో దేవునికే తెలియాల. ఇప్పుడు ఆ కుర్చీ ఒక్క లైను దూరంలో ఉంది. నేను కూర్చున్నాను. ఆ చోటుకు పోయినాను. లైను రాసినాను. వేళ్ళకు తెలుసు, నాకంటే ముందు అవే రాసేసినాయి. పంపించేది ఒక్కటే మిగిలింది.

అప్పుడు మా అత్త లోపలి నుంచి వచ్చి గడపలో, తన చోట్లో కూర్చునింది. సరిచెయ్యమని గాని వద్దని గాని అనలేదు. ఆఫీసు పోతే ఆమె కొడుకే నష్టపోయేది. ఆమెకు తెలుసు అది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఊరకే తెర వైపు చూస్తా కూర్చునింది. నాకు కంపచెట్ల దాకా ఆమె నడిచే నడక కనపడింది. రేపు పొద్దున చందన కనపడింది, బిడ్డ నోట్లోంచి రొమ్ము లాక్కుని ఉరికొస్తా. ఆ కుర్చీలో కూర్చుంటే నేను చేసేది ఇదే గదా. ఇంటికాడ చేసింది ఆఫీసులో చేస్తాను. ఇప్పుడు వంటింట్లో కూర్చుని ఎర్రగ చేస్తాండా, అప్పుడు తిరిగే కుర్చీలో కూర్చుని చేస్తా. తల ఎత్తి చెప్పుకోవాల్సింది కూడా ఇదే. ఈ చుక్కను ఎర్రగ చేసింది నేనే సార్ అని.

లైను చెరిపేసినాను.

తిమోతి చూసినాడు. ఏందీ, ఎందుకు తీసేసినావ్ అంటాండగానే ఆయన ఫోను మోగింది. హరీష్ సారు. తిమోతి బిత్తరపోయి, నాకు వినపడితే భయం పుడతాదనేమో, స్పీకరు పెట్టినాడు. ఏమప్పా, ఎవరు రాసినారు ఇది, నువ్వేనా అంటాండాడు సారు. మూడేండ్లుగా నేనే సార్, నేనే సార్ అన్న మనిషి నా వైపు ఒకసారి చూసి, “మా ఇంట్లో ఆమె సార్. లూదియా అని. ఆడమనిషి, ఇంటి పనుల్లో పడి ఏదో పొరపాటు చేసింది,” అన్నాడు.

నా పేరు. మొట్టమొదటిసారి, పేరుతో. తప్పు దొరికినంక.

ఆ పక్క సారు గొంతు మెత్తబడింది. ఆడోళ్ళతో మాట్లాడేటప్పుడు పెద్దమనుషులకు వచ్చే మెత్తదనం. “ఏమ్మా, వింటాండావా? తెలీక చేసినావులే, ఏం కాదు. పొరపాటు ఎవరికైనా జరుగుతాది. దిద్ది పంపించు, సరేనా?”

తిమోతి ఊ అను, ఊ అను అని చేత్తో సైగ చేస్తాండాడు. నాకు తెలుసు, నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నంద్యాల్లో కాకుంటే కర్నూల్లో దొరుకుతాడు. వారానికో నెలకో ఆ చుక్కలు మళ్ళీ విడిపోతాయి. ఆఫీసు పోవచ్చు, కుర్చీ పోయింది, ఈ ఇంట్లో రేపు ఏ మాటలు పడాల్నో అవీ తెలుసు. గడపలోంచి మా అత్త, “అడుగుతాండాడు గదా, చెప్పు మే,” అనింది.

“పొరపాటు గాదు సార్,” అన్నాను. “అది రాసింది నేను. తెలిసే రాసినాను.”

నోట్లోంచి బయటికి వచ్చేదాకా అది అబద్ధమే. వచ్చినంక లాప్‌టాప్ మూసేసినాను.